శివకామి అమ్మాళ్ ఇల్లు

మదురై నుంచి కన్యాకుమారి వెళ్లే దారిలో గంట ప్రయాణం చేస్తే విరుదునగర్ వస్తుంది. మిరపకాయలకు, పప్పులకు, నూనెలకు పేరుపడ్డ వ్యాపారుల ఊరు. ఆ ఊళ్లో ఒక చిన్న ఇంటిని తమిళనాడు ప్రభుత్వం స్మారక గృహంగా కాపాడుతోంది. తొమ్మిదేళ్లకు పైగా మద్రాసు రాష్ట్రాన్ని ఏలి, ఆ తర్వాత ఇద్దరు ప్రధానమంత్రుల ఎంపికలో నిర్ణాయక పాత్ర వహించిన కామరాజ్ పుట్టి పెరిగిన ఇల్లది. 1903 జూలై 15న పుట్టిన ఆ పిల్లవాడికి ఇంటిదేవత పేరిట కామాక్షి అని పేరు పెట్టారు. తల్లి మాత్రం ‘రాజా’ అని పిలుచుకునేది. ఆ రెండూ కలిసి కామరాజ్ అయింది.

మహానుభావుల ఇళ్లు చూడటానికి వెళ్లినవాళ్ల చూపు సాధారణంగా గోడల మీదే ఉంటుంది. నెహ్రూ పక్కన నిలబడ్డ ఫొటో, గాంధీజీ వచ్చినప్పటి ఫొటో, లాల్‌బహదూర్ శాస్త్రితో ఉన్నది, ఇందిరాగాంధీతో ఉన్నది. కామరాజ్ జీవితంలో అలాంటి ఘట్టాలకు కొదవ లేదు. కాని ఆలోచిస్తే, వాటిలో ఏ ఒక్కటీ ఈ ఇంట్లో జరిగింది కాదు. అవన్నీ ఢిల్లీలోనో మద్రాసులోనో భువనేశ్వర్ కాంగ్రెస్ మహాసభలోనో జరిగాయి. ఈ నాలుగు గోడల మధ్య జరిగినవి వేరు. ఇంటి యజమాని అకాల మరణం, ఒక తల్లి నగలు అమ్ముకోవడం, ఒక పిల్లవాడు పలకాబలపం పక్కనపెట్టి కొట్టుకు పోవడం, ఆ పిల్లవాడు పెద్దవాడై జైళ్ల వెంట తిరుగుతుంటే అదే తల్లి ఏళ్ల తరబడి గుమ్మం వైపు చూస్తూ గడపడం. ఇంటిని మ్యూజియం చేయడమంటే ముందుగా వీటిని భద్రపరచడం.

కామరాజ్ తండ్రి కుమారస్వామి నాడార్ కొబ్బరికాయల వ్యాపారి. కొడుక్కి ఆరేళ్ల వయసులో ఆయన పోయారు. అప్పటికి చెల్లెలు నాగమ్మాళ్ పసిపిల్ల. శివకామి అమ్మాళ్ చెవికమ్మలు తప్ప ఒంటి మీది నగలన్నీ అమ్మేసింది. ఆ డబ్బును ఊళ్లో ఒక వ్యాపారి దగ్గర దాచి, నెలనెలా వచ్చే వడ్డీతో సంసారం నడిపింది. అసలు ముట్టుకోలేదు. చదువు లేని ఒక వితంతువు వేసుకున్న ఈ లెక్క ఏ రాష్ట్ర బడ్జెట్ లెక్క కంటే తక్కువది కాదు. ఒక మనిషి కూడా ఆదుకోకపోయినా పిల్లల నోటికి పూటకింత అందేలా ఆమె చేసిన ఏర్పాటది. కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో ప్రభుత్వ సొమ్ము ఖర్చు విషయంలో ఎంత జాగ్రత్తగా ఉండేవారో ఆయనతో పనిచేసిన అధికారులు చెప్పిన మాటలు చాలా ఉన్నాయి. ఆ జాగ్రత్త ఆయన ఎక్కడ నేర్చుకున్నారో తెలుసుకోవాలంటే సచివాలయానికి పోనక్కర్లేదు, ఈ ఇంటికి వస్తే చాలు.

ఇక్కడే పేదవాళ్ల ఇళ్లను మ్యూజియాలుగా మలచడంలోని అసలు కష్టం తెలుస్తుంది. అలహాబాద్‌లో ఆనందభవన్‌ను ఇందిరాగాంధీ 1970లో జాతికి అప్పగించినప్పుడు అందులో చూపడానికి కావలసినన్ని వస్తువులున్నాయి. బల్లలు, కుర్చీలు, పుస్తకాల బీరువాలు, పింగాణీ పాత్రలు. కలిగినవాళ్ల బాల్యం వస్తువుల్లో మిగులుతుంది. లేనివాళ్ల బాల్యం అలా మిగలదు. వాళ్ల ఇంట్లో ప్రతి వస్తువూ అరిగిపోయేదాకా వాడతారు, లేదా అవసరానికి అమ్మేస్తారు. విరుదునగర్ ఇంట్లో అన్నిటికంటే ముఖ్యంగా చూడవలసింది శివకామి అమ్మాళ్ నగలు. అవి అక్కడ ఉండే వీలే లేదు. ఉండి ఉంటే కామరాజ్ బాల్యం మరోలా ఉండేది. లేని వస్తువును చూపించడం ఎలా అన్నది మ్యూజియాలు నడిపేవాళ్లు తల బద్దలుకొట్టుకోవలసిన ప్రశ్న. గోడ మీద నాలుగు పంక్తుల్లో ఆ నగల కథ రాసి, దాని పక్కన చోటు ఖాళీగా వదిలేస్తే చాలునని నాకనిపిస్తుంది. వచ్చిన పిల్లలు ఇక్కడేమీ లేదేమని అడుగుతారు. అమ్మానాన్నలు చెప్పవలసి వస్తుంది.

ఆ ఇంటి నుంచి కామరాజ్ వెళ్లిన బడి సంగతి కూడా చెప్పుకోవాలి. క్షత్రియ విద్యాశాల అనే ఆ బడిని నాడార్ కుటుంబాలు తమంతట తాము నిలబెట్టుకున్నాయి. వంటకు బియ్యం తీసుకునేటప్పుడు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు పక్కన వేసేది. అలా ఇంటింటా పోగైన బియ్యం అమ్మి బడి నడిపేవారు. పిల్లల దగ్గర జీతం తీసుకునేవారు కారు. ఆ రోజుల్లో నాడార్లకు చాలా గుళ్లలో ప్రవేశం లేదు. కామరాజ్ పుట్టడానికి నాలుగేళ్ల ముందు, 1899లో, ఇరవై ముప్పై కిలోమీటర్ల దూరంలోని శివకాశిలో ఆ గొడవ మీదే దాడులు, దోపిడీలు, హత్యలు జరిగాయి. గుడి తలుపులు మూసినవాళ్లతో పోరాడుతూనే, ఆ వ్యాపారులు బడి తలుపులు తమ పిడికెడు బియ్యంతో తెరుచుకున్నారు. శివకామి అమ్మాళ్ కూడా ఆ పిడికెడు వేసిన తల్లుల్లో ఒకరై ఉంటారనుకోవడంలో తప్పులేదు. వడ్డీ డబ్బుతో బతికే ఇంట్లో పిడికెడు బియ్యం తక్కువేమీ కాదు.

అయినా ఆ చదువు కొనసాగలేదు. 1914లో, పదకొండేళ్ల వయసులో కామరాజ్ బడి మానేశారు. మేనమామ బట్టల కొట్లో పనికి కుదిరారు. కొట్టు నుంచి ఊరి కూడలిలో సభలకు, సభల నుంచి పత్రికలకు, పత్రికల నుంచి కాంగ్రెస్‌కు ఆయన ప్రయాణం సాగింది. 1919లో జలియన్‌వాలాబాగ్ వార్త ఆయన దారిని నిర్ణయించేసింది. ఇంట్లోవాళ్లు భయపడ్డారు. తిరువనంతపురంలో ఇంకో మేనమామ కలప దుకాణానికి పంపితే ఈ పిచ్చి వదులుతుందనుకున్నారు. ఆ సంస్థానంలోనే వైకోంలో గుడి వీధుల్లో నడిచే హక్కు కోసం సత్యాగ్రహం మొదలైంది. కామరాజ్ అందులోనూ పాల్గొన్నారు. వెనక్కి పిలిపించి పెళ్లి చేద్దామనుకుంటే ఆ మాట ఎత్తవద్దన్నారు. ఒక్కగానొక్క కొడుకు, తండ్రి లేని పిల్లవాడు, కోడలు రాదని తేలిపోయింది. ఆ తల్లి మనసులో ఏముందో ఏ చరిత్రకారుడూ రాసిపెట్టలేదు. 1930లో వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహంతో మొదలై కామరాజ్ ఆరుసార్లు జైలుకు వెళ్లారు. అన్నీ కలిపితే మూడు వేల రోజులకు పైమాట. ఆ మూడు వేల రోజులూ ఈ ఇంట్లోనూ గడిచాయి. జైలు శిక్షలు ఎప్పుడూ రెండు చోట్ల గడుస్తాయి. మన స్వాతంత్ర్యోద్యమ చరిత్ర వాటిలో ఒక చోటునే లెక్కవేసింది.

మనం దీన్ని కామరాజ్ ఇల్లు అంటాం, బోర్డు మీద కూడా ఆయన పేరే ఉంటుంది. కాని ఈ ఇంట్లో కామరాజ్ ఎంతకాలం ఉన్నారు? చిన్నతనం, తొలి యవ్వనం. ఆ పైన ఊళ్లు, జైళ్లు, మద్రాసు, ఢిల్లీ. ముఖ్యమంత్రి అయ్యాక కూడా తల్లిని తన దగ్గరకు తీసుకురాలేదు. తీసుకొస్తే ఆమె వెంట బంధువులు, వాళ్ల వెంట సిఫారసులు వస్తాయని ఆయన భయం. నెలకు 120 రూపాయలు పంపేవారని చెబుతారు. ఈ ఇంట్లో కాపురం చేసింది, పొయ్యి రాజేసింది, దీపం పెట్టింది, ఎదురుచూసింది శివకామి అమ్మాళ్. నాయకుడి బాల్యగృహం అని మనం పిలిచే ప్రతి ఇల్లూ నిజానికి ఒక తల్లి ఇల్లు. ఆమెను ఒక మూల ఫొటోకు పరిమితం చేస్తే ఆ మ్యూజియం సగమే కట్టినట్టు లెక్క.

కుళాయి కథ తమిళనాట చిన్నపిల్లలకు కూడా తెలుసు. విరుదునగర్‌లో అందరూ వీధి కుళాయి దగ్గర నిలబడి నీళ్లు పట్టుకునే రోజులవి. ముఖ్యమంత్రి తల్లి, పెద్దావిడ, బిందె మోసుకొస్తుంటే బాగుండదని పురపాలక సంఘం వాళ్లు ఇంట్లోకి ప్రత్యేకంగా కుళాయి పెట్టించారట. కామరాజ్‌కు తెలియగానే దాన్ని తీయించేశారు. ఊరందరికీ లేనిది మా అమ్మకెందుకని ఆయన ఉద్దేశం. ఈ పురపాలక సంఘంతో ఆయనకు పాత అనుబంధం ఉంది. 1941లో ఆయన వెల్లూరు జైల్లో ఉండగానే ఊరివాళ్లు ఆయనను ఈ సంఘానికే ఛైర్మన్‌గా ఎన్నుకున్నారు. విడుదలై వచ్చిన కామరాజ్ ఆ పదవికి రాజీనామా ఇచ్చారు. పూర్తిగా న్యాయం చేయలేని పదవిని పట్టుకుని కూర్చోకూడదన్నది ఆయన నియమం. అంత నియమం గల మనిషి ఇంటికి వరసలో లేని కుళాయి పెట్టించడం ఆ ఉద్యోగుల పొరపాటే.

ఈ కథను మనం ఎప్పుడూ కొడుకు వైపు నుంచి చెప్పుకుంటాం. ఆయన నిజాయితీకి చేతులెత్తి మొక్కుతాం, మొక్కవలసిందే. కాని ఆ నిజాయితీ బరువు ఎవరి చంక మీద పడింది? నీళ్ల బిందె మళ్లీ ఎత్తుకున్నది ముఖ్యమంత్రి కాదు, ఆ పెద్దావిడ. నియమాలు పాటించే నాయకుల ఇళ్లలో ఆ నియమాల ఖరీదు చెల్లించేది తరచుగా ఆడవాళ్లు. వాళ్లు అడిగి తెచ్చుకున్న త్యాగం కాదది. అడగకుండా మీద పడ్డది. అయినా మోశారు. ఆ కుళాయి కథ పక్కన శివకామి అమ్మాళ్ పేరు కూడా రాస్తేనే కథ నిండుగా ఉంటుంది. కామరాజ్ గొప్పతనం దీనివల్ల తగ్గదు. ఆయన అంత కచ్చితంగా ఉండగలిగింది, తన తల్లి తట్టుకోగలదని నమ్మబట్టే. అలాంటి నమ్మకం పెట్టుకోగలిగిన కొడుకులు అదృష్టవంతులు.

1954 ఏప్రిల్‌లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆంధ్ర రాష్ట్రం విడిపోయి ఆరు నెలలే అయింది. అంతకు ముందటి ముఖ్యమంత్రి రాజాజీ తెచ్చిన, పిల్లలు సగం పూట బడిలో, సగం పూట ఇంటి వృత్తి నేర్చుకోవాలనే పథకం మీద రాష్ట్రం అట్టుడికిపోతోంది. కామరాజ్ వచ్చీ రాగానే దాన్ని ఎత్తేశారు. మూతపడ్డ బడులు తెరిపించారు, కొత్తవి పెట్టించారు. 1956లో మధ్యాహ్న భోజన పథకం మొదలైంది. విద్యాశాఖ డైరెక్టర్ నె.దు. సుందరవడివేలు దాన్ని ఊరూరా తీసుకుపోయారు. సర్కారు సొమ్ము చాలకపోతే ఊళ్లవాళ్లు బియ్యం, పప్పు, కూరగాయలు, గిన్నెలు ఇచ్చారు. ఆ పథకానికి మూలం ఎక్కడుందని అడిగితే రకరకాల సమాధానాలున్నాయి. మద్రాసు నగరపాలక సంఘం బడుల్లో జస్టిస్ పార్టీ రోజుల్లోనే కొంత ప్రయత్నం జరిగింది. కామరాజ్ పర్యటనలో పశువులు కాసే పిల్లలను పలకరించిన సంగతులు అనేకం చెబుతారు. నా మటుకు నాకు, ఊరి తల్లుల పిడికెడు బియ్యంతో నడిచిన బడిలో చదువుకుని, ఆకలి వల్ల ఆ చదువును కూడా మానుకున్న ఆ పిల్లవాడి జ్ఞాపకమే దానికి మూలమనిపిస్తుంది. ఆకలేసే పిల్లవాడికి చదువు ఎక్కదని ఆయనకు నివేదికలు చెప్పలేదు. ఈ రోజు దేశమంతా బడి పిల్లలు మధ్యాహ్నం తినే ముద్దకు ఈ చిన్న ఇంటితో చుట్టరికం ఉంది. మన తెలుగు ఊళ్ల బడుల్లో వండే అన్నానికి కూడా.

స్మారక గృహాలకు ఒక బలహీనత ఉంది. అవి గెలుపులను మాత్రమే గుర్తుపెట్టుకుంటాయి. కామరాజ్ జీవితం ఆ పద్ధతికి లొంగేది కాదు. 1963లో పార్టీని బతికించడానికి సీనియర్లు పదవులు వదిలి ప్రజల్లోకి వెళ్లాలని ఆయన ప్రతిపాదించారు. చెప్పి ఊరుకోలేదు, అక్టోబర్ 2న ముఖ్యమంత్రి పదవిని తానూ వదులుకున్నారు. ఆ పథకం కింద కేంద్రంలో రాజీనామా చేసినవారిలో మొరార్జీ దేశాయ్, లాల్‌బహదూర్ శాస్త్రి, జగ్జీవన్ రామ్‌లతోపాటు మన బెజవాడ గోపాలరెడ్డి కూడా ఉన్నారు. అదే నెలలో తిరుపతిలో కామరాజ్, నీలం సంజీవరెడ్డి, నిజలింగప్ప, అతుల్య ఘోష్ వంటివారు కూర్చుని నెహ్రూ తర్వాత ఏమిటని ఆలోచించారు. 1964లో శాస్త్రి, 1966లో ఇందిర ప్రధానులయ్యారంటే ఆ రెండుసార్లూ కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఏకాభిప్రాయం కూర్చింది, బలాబలాలు తూచింది కామరాజే. ఇంకో ఏడాది గడిచింది. 1967 ఎన్నికల్లో ఆయన ఈ విరుదునగర్ నుంచే శాసనసభకు పోటీ చేశారు. పి. శీనివాసన్ అనే విద్యార్థి నాయకుడి చేతిలో 1,285 ఓట్ల తేడాతో ఓడిపోయారు.

సొంత ఊరు. చిన్నప్పుడు పిడికెడు బియ్యం వేసి చదివించిన ఊరు, జైల్లో ఉండగా ఛైర్మన్‌ను చేసిన ఊరు, ఆయన తల్లి నీళ్లు మోసిన వీధులున్న ఊరు ఆయనను ఓడించింది. ఆ ఏడు రాష్ట్రమంతా హిందీ వ్యతిరేకోద్యమ ప్రభావం, బియ్యం కరువు, పార్టీ మీద విసుగు. ఓటర్లకు వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి, వాటిని గౌరవించాలి. కామరాజ్ ఓటర్లను నిందించలేదు. రెండేళ్ల తర్వాత నాగర్‌కోయిల్ ఉప ఎన్నికలో లోక్‌సభకు గెలిచారు. ఈ ఓటమి విరుదునగర్ ఇంటి గోడ మీద నెహ్రూ ఫొటో అంత పెద్దదిగా ఉండాలి. ఒక చిన్న ఊరి పిల్లవాడు దేశానికి ప్రధానుల్ని ఎంచేంతవాడయ్యాడని చెప్పడం ఎంత అవసరమో, అంతటి మనిషిని కూడా ఊరి జనం ఒక చీటీ ముక్కతో ఇంటికి పంపగలిగారని చెప్పడం అంతే అవసరం. ప్రజాస్వామ్యం గురించి పిల్లలకు ఆ రెండో సంగతే ఎక్కువ చెబుతుంది.

అదే ఊరికి మరో జ్ఞాపకం ఉంది. తెలుగువాళ్లను అది ప్రత్యేకంగా తాకుతుంది. కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉన్న 1956లో, మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టాలన్నది ప్రధానమైన కోరికగా శంకరలింగనార్ అనే గాంధేయవాది విరుదునగర్‌లో నిరాహార దీక్షకు కూర్చున్నారు. రెండున్నర నెలలకు పైగా సాగిన ఆ దీక్ష అక్టోబర్ 13న ఆయన మరణంతో ముగిసింది. నాలుగేళ్ల ముందు, 1952 డిసెంబర్ 15న, మద్రాసు మైలాపూర్‌లో బులుసు సాంబమూర్తి ఇంట్లో 58 రోజుల దీక్ష తర్వాత పొట్టి శ్రీరాములు కన్నుమూశారు. ఆ ఇంటి చోటులో ఇప్పుడు అమరజీవి స్మారక మందిరం ఉంది. మనకు రాష్ట్రం ఏడాది తిరక్కుండానే వచ్చింది. శంకరలింగనార్ అడిగిన పేరు మాత్రం 1969 జనవరిలో గాని రాలేదు. కామరాజ్ ప్రభుత్వం ఆ దీక్షను సకాలంలో మన్నించి ఉండవలసింది. ఆయనను ప్రేమించేవాళ్లు కూడా ఈ మాట ఒప్పుకోవాలి. ఒకే ఊళ్లో ముఖ్యమంత్రి పుట్టిన ఇల్లూ, ఆ ముఖ్యమంత్రి కాలంలోనే ఒక వృద్ధుడు అన్నం మానేసిన చోటూ ఉన్నాయి. మొదటిది చూసినవాళ్లు రెండోదాన్ని అడిగి తెలుసుకుంటే ఊరు పూర్తిగా అర్థమవుతుంది.

కామరాజ్ 1975 అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడు, మద్రాసు త్యాగరాయనగర్‌లో తానుంటున్న ఇంట్లో కన్నుమూశారు. అది అద్దె ఇల్లు. ఆయన మిగిల్చింది కొన్ని పంచెలు, చొక్కాలు, చెప్పులు, పుస్తకాలు, వంద రూపాయల పైచిలుకు డబ్బు. మరుసటి ఏడాది భారతరత్న ఇచ్చారు. ఆ అద్దె ఇంటిని కూడా ప్రభుత్వం తర్వాత స్మారక గృహం చేసింది. సంపాదించుకున్న ఇల్లు లేని మనిషి పేరిట రెండు మ్యూజియాలున్నాయి, ఒకటి తల్లిది, మరొకటి అద్దెది.

నాయకుల ఇళ్ల విషయంలో ఈ మధ్య కాలంలో కోర్టులు కూడా తీర్పు చెప్పవలసి వచ్చింది. చెన్నై పోయెస్ గార్డెన్‌లో జయలలిత నివాసం వేదనిలయాన్ని స్మారకం చేయాలని 2020లో తమిళనాడు ప్రభుత్వం సేకరించింది. వారసులు అభ్యంతరం చెప్పారు. 2021 నవంబర్‌లో మద్రాసు హైకోర్టు ఆ సేకరణను కొట్టివేసింది. ఇల్లు వారసులకు చేరింది. నాయకుడు పోయిన వెంటనే, కన్నీళ్లు ఆరకముందే, ఇంటికి తాళం వేసి బోర్డు పెట్టాలన్న తొందరకు అది ఒక హెచ్చరిక. కోట్లు పెట్టి ఒక భవంతిని దక్కించుకోవడంలో ఉన్న ఆసక్తి, సున్నం రాలిపోతున్న ఒక చిన్న ఇంటిని ఏటా బాగుచేయించడంలో కనిపించదు. బాల్యగృహాలకు కావలసింది రెండోదే. కాశీకి ఎదురుగా గంగ ఆవలి ఒడ్డున రామ్‌నగర్‌లో లాల్‌బహదూర్ శాస్త్రి పూర్వుల ఇంటిని 2018లో మ్యూజియంగా తెరిచారు. శాస్త్రి కూడా పసితనంలోనే తండ్రిని పోగొట్టుకుని తల్లి రామ్‌దులారీ దేవి చేతుల్లో పెరిగినవాడే. కామరాజ్ ప్రధానిగా ఎవరిని ఎంచారో చూడండి. హోసూరు దగ్గర తొరపల్లిలో రాజాజీ పుట్టిన ఇల్లు, కాంచీపురంలో అన్నాదురై ఇల్లు కూడా స్మారకాలై ఉన్నాయి. రాజకీయాల్లో ఒకరితో ఒకరు తలపడ్డ కామరాజ్, రాజాజీ, అన్నాదురై ముగ్గురి ఇళ్లనూ ఒకే ప్రభుత్వం, పార్టీలు మారినా, కాపాడుతూ రావడం తమిళుల నుంచి మనం నేర్చుకోవలసిన మంచి గుణం.

విరుదునగర్ జిల్లాలోనే మన భాషవాళ్ల ఊరు ఒకటుంది, రాజపాళయం. తరతరాలుగా అక్కడ స్థిరపడ్డ రాజులు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని నడిపిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారు. ఆ తర్వాత ఒడిశాకు గవర్నర్‌గా పనిచేశారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఆయన, పెద్దయ్యాక తన ఇంటిని గాంధీ కళామందిరానికి ఇచ్చేశారు. తన పేరు నిలబెట్టమని ఎవరినీ అడగలేదు, ఇంటినే జనానికి రాసిచ్చారు. తెలుగునాట ఆయన పేరు ఎందరికి తెలుసు? మద్రాసులో మనవాళ్ల చరిత్ర అంటే మనం ప్రకాశం పంతులు దగ్గర ఆగిపోతాం.

మన దగ్గర రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం ఇల్లు, విజయనగరంలో గురజాడ ఇల్లు మిగిలాయి. వాళ్లు సంస్కర్తలు, కవులు. రాజకీయ నాయకుల సంగతికి వస్తే మనం విగ్రహాలకు చూపినంత ఆసక్తి ఇళ్లకు చూపలేదు. విగ్రహం పెట్టడం తేలిక, ఒక రోజు సభతో అయిపోతుంది. ఇల్లు నిలపాలంటే ప్రతి వానాకాలం పైకప్పు చూసుకోవాలి, వారసులతో మాట్లాడాలి, వస్తువులు సేకరించాలి, వచ్చినవాళ్లకు చెప్పే మనిషిని జీతమిచ్చి పెట్టాలి. అన్నిటికంటే ముందు, ఆ ఇంటి ఆడవాళ్లు, పొరుగువాళ్లు చెప్పే సంగతులు రాసుకోవాలి. స్వాతంత్ర్యోద్యమంలో, తెలంగాణ సాయుధ పోరాటంలో, గ్రంథాలయోద్యమంలో పనిచేసినవాళ్ల పిల్లలు కూడా ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. జైలుకెళ్లిన తండ్రి గురించి వాళ్ల దగ్గర పత్రాలుండవచ్చు. జైలుకెళ్లని తల్లి గురించి జ్ఞాపకాలు తప్ప మరేమీ ఉండవు. ఊళ్లలోని ఉపాధ్యాయులు, కళాశాలల్లో చరిత్ర చదివే పిల్లలు ఒక సెలవుల్లో ఈ పనికి పూనుకుంటే చాలు. ప్రభుత్వం ఇల్లు కొనేదాకా ఆగనక్కర్లేదు.

హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా దక్షిణానికి సాగే 44వ నంబరు జాతీయ రహదారే విరుదునగర్‌ను తాకుతూ కన్యాకుమారికి పోతుంది. మధుర మీనాక్షిని, రామేశ్వరాన్ని చూసుకుని కన్యాకుమారికి బస్సుల్లో వెళ్లే తెలుగు యాత్రికులు ఏటా వేల మంది ఆ ఊరి పక్క నుంచే పోతుంటారు. ఈసారి డ్రైవర్‌కు చెప్పి అక్కడ ఒక గంట ఆగండి. పిల్లలను లోపలికి తీసుకెళ్లి, కామరాజ్ గురించి చెప్పే ముందు శివకామి అమ్మాళ్ గురించి చెప్పండి.